నిప్పు లేకుండానే పొగ

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ ఫైనలియర్. వచ్చే ఏడాది ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్లాలని ఆ భాష కూడా నేర్చుకుంటున్నాడు. ఈమధ్య వాట్సాప్ డీపీగా హిట్లర్ ఫొటో పెట్టుకున్నాడు. ఇదేంట్రా అంటే "దేశాన్ని లైన్లో పెట్టిన మొనగాడమ్మా" అంటాడు. మరి అన్ని లక్షలమంది యూదుల్ని చంపించాడుగా అంటే, "ఏమీ చేయకుండానే అంతమందిని చంపుతారా? నిప్పు లేనిదే పొగ రాదు. వాళ్లూ ఏదో చేసే ఉంటారులే" అన్నాడు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. అయినా ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. అంత చదువుకున్న దేశం తన పక్కింటివాళ్లని ఎలా అప్పజెప్పింది? వాడికి ఏమని చెప్పను? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు:

టీచర్‌గారూ,

మీవాడు చెప్పిన సామెతనే పట్టుకుని మాట్లాడుకుందాం. నాజీల ప్రచారానికి పెట్టుబడి ఆ సామెతే. జర్మనీలో ప్రతివాడూ యూదుల్ని చూసి పళ్లు నూరాలని వాళ్లు ఎదురుచూడలేదు. స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో నాజీ పార్టీకి సగం ఓట్లు ఎప్పుడూ రాలేదు. 1932 జులైలో వచ్చిన 37 శాతమే ఎక్కువ. ఆ ఓట్లలోనూ చాలావరకు నిరుద్యోగం మీది కోపంతో, ప్రభుత్వాల మీద విసుగుతో పడినవే. మిగతా జనం ద్వేషించనక్కర్లేదు. 'ఇంతమంది ఇన్నాళ్లుగా అంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందిలే' అనుకుని పక్కకి జరిగితే చాలు. మీవాడి వాక్యం చివర కూడా ఒక 'లే' ఉంది, గమనించారా? నన్ను భయపెట్టేది డీపీలోని ఫొటో కన్నా ఆ 'లే'.

ముందు ఆ నిప్పు ఎక్కడుందో వెతుకుదాం.

1933లో జర్మనీ జనాభా సుమారు 6 కోట్ల 70 లక్షలు. అందులో యూదులు 5 లక్షల పైచిలుకు. నూటికి ఒక్కరు కూడా కాదు. వాళ్లలో దాదాపు మూడోవంతు బెర్లిన్‌లోనే ఉండేవారు. అంటే ఎన్నో ఊళ్లలో జనం యూదుణ్ని కళ్లతో చూసి ఎరగరు. (మీవాడూ చూసి ఉండడు. గుంటూరు వైపు చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి, వాళ్లకో ప్రార్థనా మందిరం కూడా ఉంది. ఖమ్మం నుంచి అదేమంత దూరం కాదు.) ఎన్నడూ చూడనివాళ్ల మీద ద్వేషం పెంచడం తేలిక. పక్కింట్లో ఉండే యూదుడు అద్దె ఆలస్యమైతే దిగులుపడే మామూలు మనిషి. పేపర్లో కనిపించే యూదుణ్ని ఎలాగైనా గీయొచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు లక్షమంది జర్మన్ యూదులు సైన్యంలో పనిచేశారు. వాళ్లలో సుమారు 12 వేలమంది తిరిగి రాలేదు. అయినా యుద్ధం నడుస్తుండగానే 'యూదులు ఫ్రంట్‌కి పోకుండా ఆఫీసుల్లో దాక్కుంటున్నారు' అని పుకారు లేచింది. 1916లో సైన్యం లెక్కలు తీయించింది. పుకారు తప్పని తేలింది. తేలాక ఏం చేశారనుకున్నారు? ఆ లెక్కలు బయటపెట్టలేదు. లెక్క తీశారన్న సంగతి అందరికీ తెలుసు, ఏం తేలిందో ఎవరికీ తెలియదు. పొగకి ఇంతకన్నా మంచి పొయ్యి ఏముంటుంది? 1918లో జర్మనీ ఓడిపోయింది. గెలుస్తున్నామని అప్పటిదాకా వింటూ వచ్చిన జనానికి ఆ ఓటమి మింగుడుపడలేదు. 'మేం యుద్ధరంగంలో ఓడలేదు, ఇంట్లోవాళ్లు వెన్నుపోటు పొడిచారు' అన్న కథ అల్లారు. పొడిచినవాళ్లు ఎవరో చెప్పడానికి ఆ పాత పుకారు సిద్ధంగానే ఉంది.

ఇంకో పొగ కూడా చూడండి. యూదు పెద్దలు రహస్యంగా కూర్చుని ప్రపంచాన్ని ఎలా చేజిక్కించుకోవాలో ప్లాన్ వేసుకున్నట్టు ఒక పత్రం 1903లో రష్యాలో అచ్చయింది. ఎవరో కూర్చుని అల్లిన దొంగ కాగితం అది. 1864లో ఒక ఫ్రెంచి రచయిత యూదుల ప్రస్తావనే లేకుండా తన చక్రవర్తి మీద రాసిన వ్యంగ్య పుస్తకం నుంచి పేరాలకి పేరాలు ఎత్తేశారని 1921లో లండన్ 'టైమ్స్' పత్రిక రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి చూపించింది. అక్కడితో ఆ కథ ముగిసిపోవాలి. ముగియలేదు. 1924లో గోబెల్స్ తన డైరీలో రాసుకున్నదాని సారాంశం ఏమిటంటే, ఆ పత్రం నిజంగా జరిగినదని నమ్మనుగానీ, అందులో 'లోపలి నిజం' ఉందని మాత్రం నమ్ముతాను అని. కాగితం దొంగదైనా విషయం నిజమేనట! నిప్పు లేదని తెలిసిన మనిషే పొగ మాత్రం నిజమంటున్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత జర్మనీ మొత్తానికి ప్రచార మంత్రి అయ్యింది ఈయనే.

వీటన్నిటి వెనక శతాబ్దాల పాత ద్వేషం ఒకటుంది. క్రీస్తుని చంపినవాళ్లని చర్చిల్లో బోధించారు. చాలాచోట్ల భూమి కొననివ్వలేదు, చేతివృత్తుల సంఘాల్లో చేరనివ్వలేదు, వడ్డీ వ్యాపారమే మిగిల్చారు, ఆ తర్వాత వడ్డీ వ్యాపారులని తిట్టారు. నాజీలు కొత్తగా కనిపెట్టింది తక్కువ. ఉన్నదాన్ని ప్రభుత్వ శాఖగా మార్చారు.

గోబెల్స్ పేరు మన రాజకీయాల్లో బాగా నలిగింది. ఏ పార్టీవాళ్లయినా ఎదుటివాళ్లది 'గోబెల్స్ ప్రచారం' అంటారు. 'అబద్ధాన్ని వందసార్లు చెబితే నిజమవుతుంది' అన్నది ఆయన మాటేనని కూడా అంటారు. ఆయన అలా అన్నట్టు ఆధారం ఎక్కడా లేదు. వందసార్లు చెప్పి మనమే నిజం చేశాం. మంత్రి అయ్యాక ఆయన చేసిన పని అబద్ధాలు చెప్పడం ఒక్కటే కాదు. ఎదురు చెప్పే నోళ్లు లేకుండా చూసుకోవడం అసలు పని. 1933 అక్టోబరులో వచ్చిన చట్టంతో యూదులకి, ప్రభుత్వానికి గిట్టనివాళ్లకి పత్రికల్లో పని లేకుండా పోయింది. ఆ ఏడాదే 76 మార్కులకి ఒక చవక రేడియో వదిలారు, 1938కల్లా 35 మార్కుల మోడల్ వచ్చింది. ఇంటింటికీ రేడియో. మాట్లాడేది మాత్రం ఒక్కరే.

పత్రికల్లో అన్నిటికన్నా నీచమైనది న్యూరెంబర్గ్ నుంచి యూలియస్ స్ట్రైషర్ నడిపిన 'డెర్ ష్టూర్మర్'. మొదటి పేజీ అడుగున ప్రతివారం ఒకటే వాక్యం: 'యూదులే మన దౌర్భాగ్యం'. కొనేవాళ్లు సరే, కొననివాళ్ల సంగతేంటి? బస్టాపుల్లో, సెంటర్లలో, ఫ్యాక్టరీల దగ్గర అద్దాల పెట్టెలు పెట్టి అందులో ఆ వారం పేజీలు అతికించేవారు. బస్సు కోసం నిలబడ్డ మనిషి ఏం చేస్తాడు? ఎదురుగా ఉన్నది చదువుతాడు. మొదటి వారం ఛీ అనుకుంటాడు. ఏడాది తర్వాత ఛీ అనుకోవడం మర్చిపోతాడు.

ఆ పత్రికలో పాఠకుల ఉత్తరాల శీర్షిక కూడా ఉండేది. ఉత్తరాలకి జవాబులు రాసి బతికేవాణ్ని కాబట్టి ఆ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఫలానావాడు ఇంకా యూదుల కొట్లోనే సరుకులు కొంటున్నాడు, ఫలానా ఆవిడ యూదు డాక్టరు దగ్గరికి వెళ్తోంది అని జనం రాసి పంపేవారు. వాటిని పేర్లతో సహా అచ్చేసేవారు. ఇక పోలీసులు వాకబు చేయనక్కర్లేదు. పేరు పడుతుందన్న భయం చాలు, కొట్టు మారిపోతుంది. 1933 ఏప్రిల్ 1న యూదుల కొట్లని బహిష్కరించమని నాజీలు పిలుపిచ్చి గుమ్మాల ముందు మనుషుల్ని నిలబెట్టినప్పుడు చాలామంది జర్మన్లు పట్టించుకోకుండా లోపలికి వెళ్లి కొనుక్కున్నారు. ఐదారేళ్లలో ఆ తెగువ అరిగిపోయింది.

మీరు తల్లి, పైగా టీచరు కనుక ఇదొకటి చెప్పాలి. స్ట్రైషర్ 1938లో పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం అచ్చేశాడు. తల్లీకొడుకులు అడవిలో పుట్టగొడుగులు ఏరుతుంటారు. మంచివేవో విషపువేవో గుర్తుపట్టడం కష్టమని తల్లి చెబుతుంది. మనుషుల్లోనూ అంతేనంటుంది. ఆ విషపు మనుషులెవరో కొడుకు చేతే చెప్పిస్తుంది. వాడు సరిగ్గా చెప్పినందుకు తల్లి సంతోషపడుతుంది. పాఠం ఎలా చెప్పాలో వాళ్లకి తెలీదనుకోకండి.

ఇక చట్టాల సంగతి. మొదటి ఆరేళ్లలోనే యూదుల మీద 400 పైన ఆర్డర్లు వచ్చాయి. 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు పౌరసత్వం తీసేసి, జర్మన్లతో పెళ్లిళ్లు నిషేధించాయి. అది పెద్ద వార్త కాబట్టి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నేను మిమ్మల్ని చిన్న ఆర్డర్ల దగ్గర ఆపుతాను. డ్రెస్‌డెన్‌లో విక్టర్ క్లెంపరర్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. యూదు కుటుంబంలో పుట్టి ప్రొటెస్టెంటుగా మారాడు, మొదటి యుద్ధంలో తనంతట తానే వెళ్లి పోరాడాడు. భార్య ఏవా యూదురాలు కాదు, ఆ కారణంగానే చాలాకాలం తరలింపు తప్పించుకున్నాడు. ఆయన రహస్యంగా డైరీ రాసేవాడు. 1935లో ఉద్యోగం పోయింది. తర్వాత లైబ్రరీ పోయింది, డ్రైవింగ్ లైసెన్సు పోయింది, సొంత ఇల్లు ఖాళీ చేయించారు, టైప్‌రైటర్ పట్టుకుపోయారు. 1942 మేలో యూదుల ఇళ్లలో పెంపుడు జంతువులు ఉండకూడదని ఆర్డరొచ్చింది. ఎవరికైనా ఇచ్చేయడానికి కూడా వీల్లేదు. ఆ దంపతులు ముషెల్ అనే తమ పిల్లిని తీసుకెళ్లి చంపించుకొచ్చారు.

ఒక ప్రభుత్వానికి, అదీ రష్యాతో యుద్ధం చేస్తున్న ప్రభుత్వానికి, ముసలి దంపతుల పిల్లితో ఏం పని? నాకు అర్థమైనంతలో ఆ ఆర్డరు గురి పిల్లీ కాదు, క్లెంపరర్ కూడా కాదు. టైపు చేసే గుమాస్తా, సంతకం పెట్టే ఆఫీసరు, కిటికీలోంచి చూసే పక్కింటావిడ వీళ్లకి అలవాటు కావాలి. రెండు మూడు వందల ఆర్డర్లయ్యాక తర్వాతి ఆర్డరు ఎవరూ చదవరు. అది రైలెక్కించే ఆర్డరైనా సరే.

ఇందులో లాభం కూడా ఉందండోయ్, అది మర్చిపోకూడదు. యూదు ప్రొఫెసరు పోతే ఆ సీటు ఎవరికో వచ్చింది. యూదుడి కొట్టు చవగ్గా ఎవరో కొన్నారు. తరలించేసినవాళ్ల ఇళ్లలోని మంచాలు, దుప్పట్లు, గిన్నెలు హాంబర్గ్‌లాంటి నగరాల్లో బహిరంగంగా వేలం వేశారు, జనం బారులు తీరి కొనుక్కున్నారు. పక్కింటివాళ్ల అల్మారా మన గదిలోకి వచ్చాక వాళ్లు మంచివాళ్లని ఒప్పుకోవడం చాలా కష్టం. అప్పుడు ప్రచారాన్ని నమ్మాల్సిన అవసరం మనకే పడుతుంది.

చివరికి నిప్పుని కూడా తామే తయారుచేశారు. 1940లో, తాము ఆక్రమించిన పోలెండ్‌లోని వార్సాలో 4 లక్షలమందికి పైగా యూదుల్ని మూడున్నర చదరపు కిలోమీటర్లలో కుక్కి గోడ కట్టారు. తిండి తగ్గించారు, మందుల్లేవు. పేల ద్వారా పాకే టైఫస్ జ్వరం వచ్చింది. అప్పుడు 'యూదులు – పేలు – టైఫస్' అని పోలెండ్ గోడలమీద పోస్టర్లు అంటించారు. ఇలాంటి చోట్లే కెమెరాలు పెట్టి మురికినీ ఆకలినీ షూట్ చేసి, మధ్యలో ఎలుకల గుంపుల్ని కలిపి 1940లో సినిమాగా ఆడించారు. చూసినవాడికి ఇప్పుడు రుజువు కూడా దొరికింది.

ఇంకొక్క మెలిక. నాజీలు జనంతో 'మేం చంపుతున్నాం' అనడం కన్నా 'మమ్మల్ని చంపబోతున్నారు' అనడమే ఎక్కువ. 1939 జనవరి 30న హిట్లర్ పార్లమెంటులో, యూదులు మళ్లీ ప్రపంచ యుద్ధం తెస్తే యూరప్‌లో యూదుజాతే అంతమవుతుందని ప్రకటించాడు. ఏడు నెలల తర్వాత యుద్ధం మొదలుపెట్టింది తనే. ఆత్మరక్షణ అని నమ్మినవాడికి పసిపిల్ల కూడా శత్రువులా కనిపిస్తుంది. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ నగరం దగ్గర బాబీ యార్ లోయలో కాల్చి చంపినవాళ్ల సంఖ్యని వాళ్లే రిపోర్టులో రాసుకున్నారు: 33,771. చివరి ఒకటి దాకా లెక్క. చదువు సంగతి అడిగారు కదా: 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలో వాన్‌జే సరస్సు ఒడ్డున ఒక బంగళాలో, యూరప్ యూదులందర్నీ అంతం చేసే పనిని శాఖలవారీగా ఎలా నడపాలో గంటన్నరలో మాట్లాడేసుకున్న 15 మందిలో ఎనిమిదిమందికి డాక్టరేట్లున్నాయి. మినిట్స్‌లో 'చంపడం' అన్న మాట లేదు. 'తూర్పుకి తరలింపు' ఉంది.

'ఆర్డర్ కాదంటే వాళ్లనీ చంపేసేవారు, పాపం ఏం చేస్తారు' అని మీవాడు అనొచ్చు. 1942 జులైలో పోలెండ్‌లోని యూజెఫూఫ్ ఊళ్లో యూదుల్ని కాల్చడానికి హాంబర్గ్ నుంచి వచ్చిన ఒక పోలీసు బెటాలియన్ని దింపారు. నడివయసువాళ్లు, పెళ్లాం పిల్లలున్నవాళ్లు. వాళ్ల మేజరు కళ్లనీళ్లు పెట్టుకుని, చేయలేమనుకున్న పెద్దవయసువాళ్లు పక్కకి రావొచ్చన్నాడు. సుమారు 500 మందిలో అప్పటికప్పుడు ముందుకొచ్చినవాళ్లు ఓ డజనుమంది. వాళ్లకి ఏ శిక్షా పడలేదు. మిగతావాళ్లు ఆ రోజు దాదాపు 1500 మందిని, ఎక్కువగా ఆడవాళ్లని పిల్లల్ని ముసలివాళ్లని, చంపారు. తోటివాళ్ల ముందు పిరికివాడిననిపించుకోవడం ఇష్టంలేక చేశామని తర్వాత కొందరు చెప్పుకున్నారు.

జనం నోరెత్తితే ప్రభుత్వం ఆగిందా అంటే, కొన్నిసార్లు ఆగింది. వికలాంగుల్ని, మానసిక రోగుల్ని గ్యాసుతో చంపుతున్నారని 1941 ఆగస్టులో మ్యూన్‌స్టర్ బిషప్ ఫోన్ గాలెన్ చర్చిలోనే బయటపెట్టాడు. అదే నెలలో హిట్లర్ ఆ కార్యక్రమం ఆపమన్నాడు (తర్వాత గుట్టుగా సాగింది, అది వేరే). యూదుల కోసం జర్మనీలో ఏ బిషప్పూ ఆ స్థాయిలో అరవలేదు. రోగులు మనవాళ్లు. యూదుల్ని 'మనవాళ్లు' అన్న మాటలోంచి అప్పటికే ఎనిమిదేళ్లుగా తోసేస్తూ వచ్చారు కదా.

స్ట్రైషర్ తన చేత్తో ఎవర్నీ చంపలేదు. అయినా రాతలతో హత్యలకి ఉసిగొల్పినందుకు న్యూరెంబర్గ్ కోర్టు మరణశిక్ష వేసింది, 1946 అక్టోబరులో ఉరితీశారు. ఆ తీర్పు వచ్చిన 48 ఏళ్లకి ఆఫ్రికాలోని రువాండాలో ఒక ఎఫ్ఎం రేడియో పాటల మధ్యలో టుట్సీ తెగవాళ్లని 'బొద్దింకలు' అంటూ పేర్లూ కారు నంబర్లూ చదివింది. వంద రోజుల్లో లక్షలమంది పోయారు. ఆ రేడియో నడిపినవాళ్లని కూడా 2003లో అంతర్జాతీయ కోర్టు దోషులని తేల్చింది.

ఇక మీవాడి దగ్గరికి వద్దాం. ఫొటో తీసెయ్ అని గద్దించకండి, పౌరుషానికి పోయి ఇంకోటి పెడతాడు. మన దగ్గర హిట్లర్ మీద ఒక వింత మోజుంది. స్ట్రిక్టు హెడ్మాస్టరుకి ముద్దుపేరు అదే. హైదరాబాద్ కోఠి ఫుట్‌పాత్ మీద ఆయన పుస్తకం పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకాల పక్కనే దొరుకుతుంది. బ్రిటిష్‌వాళ్ల శత్రువు కాబట్టి మనకి మిత్రుడని, నేతాజీ 1942లో వెళ్లి కలిశారు కదా అని మీవాడు అనే అవకాశం ఉంది. అప్పుడు ఆ పుస్తకమే తిరగేయమనండి. ఇండియా ఇంకెవరి చేతిలోనో ఉండడం కన్నా ఇంగ్లిష్‌వాళ్ల పాలనలోనే ఉండడం తనకిష్టమని హిట్లర్ అందులో రాశాడు. మొనగాడికి మన మీద ఉన్న అభిప్రాయం అది.

ప్రాక్టికల్ సంగతి కూడా చెప్పాలి. జర్మనీలో నాజీ గుర్తులు, హిట్లర్ బొమ్మ ఇలా ప్రదర్శించుకోవడం నేరం, మూడేళ్ల దాకా జైలు. యూదుల ఊచకోత జరగలేదనడానికి ఐదేళ్ల దాకా. క్లాసు గ్రూపులో ఈ డీపీతో చేరితే మొదటి సెమిస్టరులోనే లాయరు కావలసి వస్తుంది. కానీ ఈ భయంతో తీసేస్తే నాకు సంతోషం లేదు, మీకూ ఉండదనుకుంటాను.

వాదన వద్దు. భాష నేర్చుకుంటున్నాడన్నారు కదా, దాన్ని వాడుకోండి. బెర్లిన్, హాంబర్గ్, కొలోన్ వీధుల్లో ఫుట్‌పాత్ రాళ్ల మధ్య అరచేతిలో పట్టేంత ఇత్తడి పలకలు బిగించి ఉంటాయి. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990ల్లో మొదలుపెట్టాడు, ఇప్పుడు యూరప్ అంతటా లక్ష దాటాయి. ఒక్కో పలకా ఒక్కో మనిషిది, ఆ మనిషి చివరిసారి ఇష్టపూర్వకంగా బతికిన ఇంటి ముందు. నెట్‌లో ఫొటోలు బోలెడు. పసిపిల్లవాడిది ఒకటి వెతికి వాడికి పంపి, 'దీనికి తెలుగు చెప్పరా' అనండి. అన్నీ మొదటి నెల పాఠాల్లో వచ్చే మాటలే. 'హియర్ వోన్టె' – ఇక్కడ ఉండేవాడు. పేరు. పుట్టిన సంవత్సరం. తీసుకెళ్లిన సంవత్సరం. చంపిన చోటు: ఆష్విట్జ్ శిబిరం.

చదివాక అడగండి, వీడు ఏం చేసి ఉంటాడ్రా అని. ఏమన్నాడో నాకు మళ్లీ రాయండి.